చప్పుడు మానేసిన పడవ

ఆయన మెల్లగా మాట్లాడగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. పొద్దున్నే ఇంట్లో "టీ అయిందా?" అని అడిగితే పక్కింటివాళ్ళు "ఇంకా లేదండీ" అని జవాబు చెప్పేవారు. చెవిలో చెప్పాల్సిన కబురైతే ఆయనకు తెలియకుండా జాగ్రత్తపడేవారు చుట్టాలు. రేవులో అందరూ ఆయన్ని కేకల సరంగు అనేవారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, కోపమేమీ లేదు. "డీజిలింజను పక్కన కూర్చుని కోయిలలా కూయమంటారా?" అని నవ్వేసేవాడు. ఆ నవ్వు కూడా సగం ఏరు దాటేది.

ఏరు అక్కడ బాగా వెడల్పు. వంతెన ఉందిగానీ అది ఎగువన ఎక్కడో దూరాన ఉంది. ఇవతలి ఒడ్డున బజారు, బడి, బస్టాండు. అవతలి ఒడ్డున కూరగాయల తోటలు, కొన్ని వీధుల ఇళ్ళు, ఒక చిన్న ఆసుపత్రి. ఈ రెంటికీ మధ్య సరంగు పడవే దారి. వెనక ఇంజను పక్కన చుక్కాని పట్టుకుని ఆయన, ముందు టికెట్ల సంచీతో ఆయన భార్య. ఇంజను మొదలైందంటే డగడగమని ఎముకలు కూడా అదిరేవి. అందుకని ఆ ఇద్దరూ సైగలు పెట్టుకున్నారు. ఆవిడ చెయ్యి పైకెత్తితే బయల్దేరమని, అరచెయ్యి చూపిస్తే ఆగమని, తల కొట్టుకుంటే ఇందాకే చెప్పానుగదా అని. పొద్దస్తమానం ఒకే పడవలో ఉండి కూడా మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునేది ఇంటికి చేరాకే. అప్పటికి ఇద్దరికీ ఓపిక ఉండేది కాదు.

ఆ ఇంజను ఆయన తండ్రి కాలం నాటిది. ఒక మధ్యాహ్నం నడి ఏట్లో ఫట్‌మని పేలినంత చప్పుడు చేసి, నల్లటి పొగ కక్కి, అంతటితో నోరు మూసుకుంది. చేపల పడవొకటి వచ్చి తాడు కట్టి ఒడ్డుకు లాగింది. మెకానిక్కు వచ్చి మూత తీసి లోపలికి చూసి, మళ్ళీ మూత పెట్టేశాడు.

"దీనికిక మందూ మాకూ లేదు. పాత ఇనుము కింద వేసుకోండి" అన్నాడు.

సరంగు ఆ రోజంతా రేవు మెట్ల మీద కూర్చుండిపోయాడు. అక్కడికే వచ్చాడు ఆయన బావమరిది. బ్యాటరీ రిక్షాలు బాగుచేసే షెడ్డు ఉంది అతనికి. చేతికి ఏది దొరికితే దాన్ని విప్పదీసి ఇంకోదానికి తగిలించందే నిద్రపట్టని మనిషి. ఇంట్లో ఫ్యాను విప్పి తలుపు గంట చేశాడని, ఆ వేసవంతా ఎవరైనా వచ్చి గంట కొడితే తప్ప ఇంట్లోవాళ్ళకు గాలి తగల్లేదని చెప్పుకుంటారు.

"బావా, ఇంత ఎండ నెత్తిన పెట్టుకుని తిరుగుతూ డబ్బాల్లో నూనె కొనుక్కొచ్చి పోస్తావేంటి?" అన్నాడు వచ్చీ రాగానే.

"ఎండ పోస్తే ఇంజను తిరుగుతుందట్రా?"

"ఇంజనెందుకు? మోటారు పెడదాం. పైకప్పు మీద సోలారు పలకలు, అడుగున బ్యాటరీలు. సూర్యుడే తోస్తాడు."

"సూర్యుడు సెలవు పెడితే?"

"ఎప్పుడు పెట్టాడు బావా?"

"ఆదివారం ఆయనదే కదరా. తన రోజున తాను సెలవు పుచ్చుకోడూ?"

రేవు మెట్ల మీద ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆయన భార్య మాత్రం నవ్వలేదు. ఆవిడ సోదరుడి వంక చూసి, "పొగ ఉండదా?" అని అడిగింది. ఉండదన్నాడు. "చీరలకు కంపు పట్టదా?" పట్టదన్నాడు. "అయితే చెయ్యి" అంది. దాంతో తీర్పు అయిపోయింది.

షెడ్డులో మూలపడ్డ రెండు రిక్షాల మోటార్లు విప్పాడు బావమరిది. ఊళ్ళో సినిమాహాలు పైకప్పు మారుస్తుంటే, తీసి పక్కన పెట్టిన సోలారు పలకలు బతిమాలి తెచ్చాడు. బరువంతా పైనుంటే పడవ తూలుతుందని బ్యాటరీల్ని అడుగు చెక్కల కింద, నడిమధ్యన పేర్చాడు. సరంగుకు మొదట్లో నమ్మకం లేదుగానీ చేతులు ఊరుకోలేదు. తారు పూశాడు, చెక్కలు సరిచేశాడు, పైకప్పుకు కర్రలు మార్చాడు. ఆయన అరిచి చెప్పిన సలహాలు విని రేవులో పోయేవాళ్ళంతా తలో చెయ్యి వేశారు.

మొదటిసారి నీళ్ళలోకి దింపిన రోజున ఒడ్డంతా జనం. బావమరిది మీట నొక్కాడు. పడవ కదిలింది. కదిలి, కాస్త పక్కకు తిరిగింది. తిరిగి, ఇంకా తిరిగింది. తన తోక తాను పట్టుకోబోయే కుక్కపిల్లలా ఉన్నచోటే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

"ఒరేయ్, ఇది పడవా, రంగులరాట్నమా?" అని సరంగు కేక.

ఒక మోటారుకు తీగలు తిరగేసి కలిపాడు బావమరిది. ఒకటి ముందుకు పోతానంటే ఒకటి వెనక్కు పోతానంది. ఒడ్డున చప్పట్లు ఆగలేదు. ఇంకోసారి తిప్పమని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

మర్నాడు తీగలు సరిచేశాక మాత్రం పడవ ఇస్త్రీపెట్టె గుడ్డ మీద జారినట్టు నీళ్ళమీద జారిపోయింది. ఎంత మెల్లగా, ఎంత చల్లగా బయల్దేరిందంటే, ముందు బల్ల మీద కూర్చున్న ఒక ముసలాయన సంచీ ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుని, కాసేపటికి కళ్ళు తెరిచి, "ఎప్పుడు బయల్దేరుతుందమ్మా?" అని అడిగాడు. "దిగండి తాతా, అవతలి ఒడ్డు వచ్చేసింది" అంది సరంగు భార్య.

చప్పుడు లేని పడవతో వచ్చే చిక్కులు ఎవరూ ముందు ఊహించలేదు. ఇంజను మోత విని ఇంట్లోంచి బయల్దేరే అలవాటున్న వాళ్ళందరికీ పడవ తప్పిపోయేది. అందుకని ఒక కంచు గంట వేలాడదీశారు. రెండో చిక్కు ఇంకా పెద్దది. ఇన్నేళ్ళూ ఆ మోత మాటున జనం ఇష్టం వచ్చింది మాట్లాడుకున్నారు. తోటలనుంచి కూరగాయలు తెచ్చే తోడికోడళ్ళిద్దరు రోజూ ఏరు దాటినంతసేపూ అత్తగారిని ఆడిపోసుకునేవారు. అలవాటు ప్రకారం ఆ రోజూ మొదలుపెట్టారు. ఆవిడ ఉప్పు దాచిపెట్టడం దగ్గర్నుంచి గురక దాకా వచ్చారు. అప్పటికి పడవంతా నిశ్శబ్దంగా వింటోందన్న సంగతి వాళ్ళకు తట్టలేదు. వెనక బల్ల మీద ఉన్న అత్తగారు గొంతు సవరించుకుంది.

"ఆ ఇంజను మోతకు చెవులు పోతున్నాయని ఇన్నేళ్ళూ తిట్టుకున్నానే. అది నా పరువు కాపాడుతోందని ఇప్పుడు కదా తెలిసింది" అంది.

పడవ పడవంతా గొల్లున నవ్వింది. కోడళ్ళు తలకాయలు దించుకున్నారు. చివరికి అత్తగారే నవ్వి, "గురక సంగతి నిజమేలే" అంది.

ఒక రోజు మబ్బు పట్టింది. సరంగు లెక్కచేయలేదు, ఎప్పటిలాగే జోరుగా నడిపాడు. సాయంత్రం ఆఖరి దాటులో బ్యాటరీలు చేతులెత్తేశాయి. నడి ఏట్లో పడవ ఆగింది. జనం గంపల మూతలతో, బడిపిల్లల పలకలతో, ఒకావిడ అయితే గరిటెతో తెడ్లేసుకుంటూ ఒడ్డు చేరారు. డీజిలైతే డబ్బా ఊపి చూస్తే ఎంతుందో తెలిసేది. ఎండను అలా ఊపి చూడలేం. ఆనాటి నుంచి సరంగు ఆకాశాన్ని చదవడం నేర్చుకున్నాడు. పల్చటి మబ్బయితే సగానికి సగం వెలుగు పలకల మీదికి దిగుతూనే ఉంటుంది. వేగం తగ్గిస్తే చాలు. నల్లటి మబ్బయితే దాట్లు తగ్గించాలి. ఎదురు గాలిలో తొందరపడ్డామా, బ్యాటరీ ఉఫ్‌మని ఊదినట్టు ఆరిపోతుంది. నెమ్మదిగా పోతే ఇంకో దాటుకు మిగులుతుంది.

బావమరిది ఊరుకోలేదు. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ పక్కనుంచి వస్తాయి కదా, పైకప్పు పలకలకు అవి సరిగా అందడం లేదని, పైకప్పు అంచులకు రెండువైపులా మడతబందులతో రెక్కల్లా పలకలు తగిలించాడు. తాడు లాగితే రెక్క లేస్తుంది, వదిలితే వాలుతుంది. వెళ్ళేటప్పుడు ఒకవైపు రెక్క ఎండకు ఎదురైతే, వచ్చేటప్పుడు రెండోవైపుది. ఆ తాళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళకు అదే ఉద్యోగం. బడిపంతులు గారికి ఆ ఉద్యోగం ఎంత నచ్చిందంటే, ఇంకెవరైనా ఆ తాడు ముట్టుకుంటే మొహం మాడ్చుకునేవాడు.

ఇంకో విచిత్రం సరంగే కనిపెట్టాడు. ఎండ మండుతుంటే పలకలు రెచ్చిపోయి పనిచేస్తాయనుకున్నాడు మొదట్లో. తీరా చూస్తే, నడినెత్తి ఎండలో పలకలు చెయ్యి పెట్టలేనంతగా కాలినప్పుడు, బావమరిది కొత్తగా తగిలించిన మీటరు ముల్లు దిగుతోంది. ఒకసారి దుమ్ము కడుగుదామని చెంబుడు నీళ్ళు పోశాడు. ముల్లు పైకి లేచింది. దుమ్ము లేనప్పుడు పోసి చూశాడు. అప్పుడూ లేచింది.

"వీటికి వెలుగు కావాలిగానీ వేడి పనికిరాదురోయ్!" అని ఒడ్డునున్న బావమరిదికి వినిపించేలా అరిచాడు.

పైకప్పు నడుమ చిల్లుల గొట్టం పెట్టి, చిన్న పంపుతో ఏటినీళ్ళు ఎక్కించారు. నీళ్ళు పలకల మీదుగా జారి అంచుల వెంట తుంపరగా రాలేవి. మండుటెండలో ఆ తుంపర పక్కన చోటు కోసం ఆడవాళ్ళు అరగంట ముందే వచ్చి కూర్చునేవారు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక పడవ రేవులో ఊరికే ఉండేది. బ్యాటరీలు నిండిపోయేవి, ఎండ మాత్రం కురుస్తూనే ఉండేది. అంత ఎండ నేలపాలవుతోందని సరంగుకు ప్రాణం ఒప్పేది కాదు. రేవు మెట్ల దాకా తీగ లాగి సాకెట్లు పెట్టారు. దర్జీ తన మిషను తెచ్చుకుని చెట్టు నీడన కుట్టుకునేవాడు. మంగలి క్లిప్పర్లు తెచ్చుకున్నాడు. ఫోన్లు పెట్టుకునేవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. రేవు చిన్న బజారయింది.

ఇలా అందరికీ బాగుంది. కానీ సరంగుకు లోపల ఏదో గుచ్చుకుంటోంది.

పడవలో జనం నవ్వుతున్నారు. ఎందుకు నవ్వుతున్నారో ఆయనకు అందడం లేదు. పెదాలు కదులుతున్నాయి, తలలు ఊగుతున్నాయి, భుజాలు చరుచుకుంటున్నారు. ఒకరిద్దరు ఆయనవైపు తిరిగి ఏదో అని నవ్వితే ఆయనా నవ్వేవాడు, ఎందుకో తెలియకుండానే. ఇదివరకు ఇంజను మోతలో ఆయనతో ఏమన్నా చెప్పాలంటే అందరూ చెవి దగ్గరికొచ్చి అరిచేవారు. ఇప్పుడెవరూ అరవడం లేదు. అరవాల్సిన పనేముంది?

ఒక రోజు ఉండబట్టలేక అడిగేశాడు. "ఎందుకలా గుసగుసలాడతారు? నాకు తెలియకూడని రహస్యాలేమిటో?"

పంతులు గారు తెల్లబోయాడు. "గుసగుసలేమిటయ్యా? మామూలుగానే మాట్లాడుకుంటున్నాం."

సరంగుకు నమ్మకం కలగలేదు. ఇంట్లో ముభావంగా ఉండసాగాడు. భార్య ఏదో అడిగితే జవాబు చెప్పేవాడు కాదు. తన మీద కోపమేమోనని ఆవిడ అనుకుంది. కావాలని గొంతు తగ్గించి మాట్లాడుతోందని ఆయన అనుకున్నాడు. "డీజిలింజనే నయం" అన్నాడొకనాడు బావమరిదితో. "అందరూ మనుషుల్లా మాట్లాడేవారు."

ఒక మంచు ఉదయం, పడవ నడి ఏరు దాటింది. ఎదురుగా తెల్లటి పొగ తప్ప ఏమీ లేదు. ఆ పొగలో వలేసుకుని కూర్చున్న జాలరి ఒకడు గంట విని, "ఓ పడవా! ఇటు రాకు, ఇటు రాకు!" అని కేకలేశాడు. ముందు బల్లలవాళ్ళు విన్నారు. సరంగు భార్య వెనక్కి తిరిగి "ఆపండి! ఆపండి!" అంది. మంచులో ఆవిడ చెయ్యి ఆయనకు కనపడలేదు. నిశ్శబ్దంగా, నిబ్బరంగా నడుపుకుంటూ పోయి జాలరి దోనెను గుద్దాడు. జాలరి నీళ్ళలో పడ్డాడు. ఈత వచ్చినవాడే కాబట్టి తల పైకెత్తి తిట్లు లంకించుకున్నాడు. నలుగురూ కలిసి పడవలోకి లాగారు. దెబ్బలేం తగల్లేదుగానీ వల చిరిగిపోయింది. చలికి వణుకుతూ జాలరి సరంగు మొహంలో మొహం పెట్టి అరిచాడు.

"అంత గొంతు చించుకుంటే వినపడలేదా? చెవుల్లో ఏం పెట్టుకున్నావయ్యా?"

అది మాత్రం సరంగుకు స్పష్టంగా వినపడింది.

పడవలో అవతలి ఒడ్డు ఆసుపత్రి నర్సమ్మ ఉంది. రోజూ పొద్దున ఇవతలి నుంచి వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చే మనిషి. ఆవిడ ఇదంతా చూసింది. మర్నాడు పొద్దున, వెలుతురు బాగా ఉన్నప్పుడు, లేచి వెనక్కి వచ్చింది. సరంగు చుక్కాని పట్టుకుని ఏటిని చూస్తున్నాడు. ఆవిడ ఆయన వీపు వెనక నిలబడి, ఇంట్లో మాట్లాడినంత గొంతుతో, "సరంగుగారూ, మీ పడవకు నిప్పంటుకుంది" అంది.

పడవలో ఉన్నవాళ్ళంతా ఒక్క ఉదుటున లేచి నిలబడ్డారు. గంపలు దొర్లాయి. పంతులు గారు తాడు వదిలేసరికి రెక్క టపీమని వాలింది. "నాకు ఈత రాదు తల్లోయ్!" అని ముసలాయన సంచీ గుండెలకు హత్తుకున్నాడు.

సరంగు మాత్రం చుక్కాని పట్టుకుని ఏటినే చూస్తున్నాడు.

అందరూ ఎందుకు లేచారో అర్థంకాక ఆయన వెనక్కి తిరిగేసరికి నర్సమ్మ కనిపించింది. ఆవిడ ఆయన ఎదురుగా వచ్చి కూర్చుని, పెదాలు కనపడేలా, గట్టిగా, జరిగింది చెప్పింది. నిప్పేమీ లేదని మిగతావాళ్ళకు కూడా చెప్పింది. నవ్వాలో వద్దో తెలియక పడవంతా చల్లబడింది. ఆయన భార్య ముందు నుంచి వచ్చింది. వచ్చి ఆయన పక్కన నిలబడింది.

"ఊరికే నోరు కదిపి ఊరుకుందేమో" అన్నాడు సరంగు. ఆయన గొంతే ఎప్పుడూ లేనంత చిన్నదయింది.

"నా గుండె ఆగినంత పనైంది బాబూ. ఊరికే కాదు" అన్నాడు ముసలాయన దగ్గరికొచ్చి, జాలిగా.

ఆ సాయంత్రం జనమంతా దిగిపోయాక, రేవులో కట్టేసిన పడవలోనే కూర్చున్నారు మొగుడూ పెళ్ళాలు.

"అందరికీ నిశ్శబ్దం తెచ్చిపెట్టాననుకున్నానే. తీరా చూస్తే నాకెప్పటినుంచో ఉన్నదే. మోత ఉన్నంతకాలం నాకే తెలియలేదు" అన్నాడు ఆయన.

ఆవిడ ఆయనకు దగ్గరగా జరిగింది. గట్టిగా అంది: "రేపు పట్నం వెళ్తున్నాం. చెవుల డాక్టరు దగ్గరికి."

"పడవో?"

"తమ్ముడు నడుపుతాడు."

"వాడు గుండ్రంగా తిప్పుతాడే!"

ఇద్దరూ నవ్వుకున్నారు. కాస్త తేలికపడ్డాడు.

పట్నంలో ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకు డిప్పలు తగిలించారు. చప్పుడు వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. ఆయన బొత్తాం మీద బొటనవేలు పెట్టుకుని శ్రద్ధగా కాచుకున్నాడు. ఒకసారి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. అద్దం అవతలున్న అమ్మాయిని చూసి, "మిగతావి ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగాడు. ఆ అమ్మాయి లోపలికొచ్చి, "అయిపోయిందండీ" అంది.

ఇంజను పక్కన ఎన్నాళ్ళు కూర్చున్నారని డాక్టరు అడిగితే, మా నాన్న పోయినప్పటి నుంచీ అన్నాడు. పోయిన వినికిడి తిరిగి రాదని, కానీ చెవి వెనక చిన్న యంత్రం పెట్టుకుంటే చాలావరకు వినపడుతుందని చెప్పాడు డాక్టరు. చెవికి తగిలించి, మీట తిప్పి, "ఎలా ఉంది?" అన్నాడు మామూలుగా.

సరంగు ఉలిక్కిపడి, "అరవకండి" అన్నాడు.

బయటికొచ్చాక ప్రపంచమంతా ఆయన మీద పడ్డట్టయింది. సొంత చెప్పుల టపటప, బస్సులో ఎవరో కాగితం పొట్లం విప్పుతున్న చప్పుడు, కిటికీ ఊచ గడగడ. "ఇన్ని చప్పుళ్ళ మధ్య ఎలా బతుకుతున్నారు మీరంతా?" అన్నాడు భార్యతో. అన్నాక ఆగిపోయాడు. తన గొంతు తనకు మొదటిసారి వినపడింది. బస్సంతా తనవైపే తిరిగి చూడటం కూడా కనపడింది.

"నేనెప్పుడూ ఇంత గట్టిగానే మాట్లాడతానా?"

"ఇది మీ గుసగుస" అందావిడ.

మర్నాడు పడవెక్కిన జనానికి కొత్త సరంగు కనిపించాడు. కేకల్లేవు. మెల్లగా, ఆచి తూచి మాట్లాడుతున్నాడు. "ఒంట్లో బాగాలేదా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆయన వాళ్ళ మాట సరిగా పట్టించుకునే స్థితిలో లేడు. పడవ ముక్కు కింద నీళ్ళు చీలే చప్పుడు వింటున్నాడు. ఎండ ఎక్కేకొద్దీ పలకల చట్రాలు టిక్కుటిక్కుమనడం వింటున్నాడు. వాటన్నిటి అడుగున సన్నగా ఒక కూత వినపడింది.

"ఒరేయ్, మోటారుకు చప్పుడు లేదన్నావు. ఇది ఈలేస్తోందేమిటి?"

బావమరిది చెవి చెక్కకు ఆనించి విన్నాడు. అతనికి లీలగా వినపడింది. విప్పి చూస్తే బేరింగు అరిగిపోవచ్చింది. రోజూ వింటున్నవాళ్ళకు అలవాటైపోయిన ఆ కూత కొత్త చెవులకు పట్టుబడింది.

కానీ ఆ రోజు ఆయన విన్నవాటిలో ఆయన్ని నిలబెట్టేసింది మాత్రం ఇంకొకటి. ముందు బల్ల దగ్గర భార్య మాట్లాడుతోంది. ఎవరితోనూ కాదు. టికెట్లు చింపుతూ, నీళ్ళవంక చూస్తూ, తనలో తాను, తెరిపి లేకుండా. "అదిగో, ఆ కొంగ ఇవాళ కూడా ఒంటికాలి మీదే ఉంది. కాలు నొప్పెట్టదు కాబోలు... ఈయన మళ్ళీ చొక్కా బొత్తాలు మార్చి పెట్టుకున్నాడు, చెప్తే వింటేగా... నీళ్ళు ఇవాళ ఆకుపచ్చగా ఉన్నాయి..." పడవలో వాళ్ళంతా చిరునవ్వుతో వింటున్నారు. ఇంజను మోతలో ఎవరికీ వినపడదని అబ్బిన అలవాటు అది. మోత పోయాక కూడా ఆవిడ మానుకోలేకపోయింది. చప్పుడు మానిన పడవలో అందరికీ ఆవిడ రేడియో అయింది. ఆ రేడియో వినని శ్రోత ఆయనొక్కడే.

సరంగు మెల్లగా చొక్కా బొత్తాలు విప్పి సరిగా పెట్టుకున్నాడు.

ఆవిడ తల తిప్పి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "విన్నారా?"

"విన్నాను. ఆపకు" అన్నాడు.

ఆ ఏడు వానాకాలం చివర పెద్ద గాలివాన వచ్చింది. అవతలి ఒడ్డున కరెంటు స్తంభాలు నేలకూలాయి. వాన కాస్త తెరిపివ్వగానే, తడిసి ముద్దయిన నర్సమ్మ రేవుకు పరుగెత్తుకొచ్చింది. ఆసుపత్రి ఫ్రిజ్‌లో పిల్లల టీకాలున్నాయి, ఫ్రిజ్ ఆగిపోయింది. ఊరి జనరేటరును ఎగువన ఇంకెక్కడికో పంపేశారు, రోడ్లు మునిగాయి.

"మీ పడవలో ఎంతుంది?" అని అడిగింది.

సరంగు మీటరు చూశాడు, ఆకాశం చూశాడు. మబ్బు బూడిదరంగులో ఉంది, నలుపు కాదు. "జనాన్ని దాటించకుండా ఊరుకుంటే ఫ్రిజ్‌కు చాలుతుంది. ఈ మబ్బులో కూడా పలకల మీదికి కాస్త వెలుగు దిగుతుంది" అన్నాడు.

పడవను ఆసుపత్రి వెనక గట్టుకు కట్టారు. బావమరిది ఇన్వర్టరు తగిలించి, కిటికీలోంచి తీగ లాగాడు. ఫ్రిజ్ చిన్నగా గొంతు విప్పింది. ఆ పగలూ ఆ మర్నాడూ సరంగు అక్కడినుంచి కదల్లేదు. తుంపర ఆగినప్పుడల్లా పైకప్పు తుడవడం, వెలుతురు ఎటు ఎక్కువుంటే అటు రెక్క లేపడం, ముల్లు వంక చూడటం. పంతులు గారు రెండో తాడు పట్టుకుని గొడుగు కింద కూర్చున్నాడు. పిలవలేదు, ఆయనే వచ్చాడు. జాలర్లు తమ దోనెల్లో జనాన్ని దాటించారు. వల చిరిగిన జాలరి కూడా అందులో ఉన్నాడు. సరంగు అతనికి కొత్త వల కొనిచ్చి చాలా రోజులైంది. అయినా అతను దోనెలో పడవ పక్కనుంచి పోయినప్పుడల్లా, "వినపడుతోందా?" అని ఎగతాళిగా అరిచేవాడు. "నీ వెటకారంతో సహా!" అని జవాబిచ్చేవాడు సరంగు.

ముల్లు కిందికి జారుతూ వచ్చి, ఎర్రగీత పైన ఆగి ఊగిసలాడింది. రెండోనాడు మధ్యాహ్నం మబ్బు చిరిగి ఎండ పడింది. ఎంత ఎండ! కడిగిన పలకల మీద కళ్ళు చెదిరేలా మెరిసింది. ముల్లు లేచి నిలబడింది. కరెంటువాళ్ళు వచ్చి స్తంభాలు ఎత్తేదాకా ఫ్రిజ్ ఒక్కసారి కూడా ఆగలేదు. మరుసటి వారం ఆ టీకాలు వేయించుకున్న పిల్లలు ఆసుపత్రి వరండాలో ఏడ్చిన ఏడుపు మాత్రం అంతా ఇంతా కాదు. సరంగు చెవి యంత్రం మీట తగ్గించుకున్నాడు.

ఆ తర్వాత దిగువ రేవులవాళ్ళు పడవలు తోలుకొచ్చి బావమరిది షెడ్డు ముందు వరసకట్టారు. రిక్షాలు బాగుచేయడానికి అతనికి తీరిక లేకుండా పోయింది. సరంగు భార్య చుక్కాని పట్టడం నేర్చుకుని, పరీక్షకు వెళ్ళి లైసెన్సు తెచ్చుకుంది. ఇప్పుడు ఉదయం దాట్లు ఆవిడవే. ఆ వేళల్లో టికెట్లు చింపే పని సరంగుది. ఆ పనిలో ఆయన అంత పనికిమాలినవాడు ఇంకొకడు ఉండడని జనం చెప్పుకుంటారు. ఒక్కొక్కరి ముందూ నిలబడిపోతాడు. మోకాలి నొప్పి ఎలా ఉంది, మేక ఈనిందా, అల్లుడు ఉత్తరం రాశాడా, ఆ కథ మొదటినుంచీ చెప్పండి అంటాడు. చెప్పిందంతా తల ఊపుతూ, ఒక్క మాట పోనివ్వకుండా వింటాడు. సగంమంది టికెట్టు లేకుండానే అవతలి ఒడ్డున దిగబోతారు.

"ఏవండీ, ముందు టికెట్లు!" అంటుంది ఆవిడ చుక్కాని దగ్గర్నుంచి.

"వస్తున్నానే. ఈయన కథ సగంలో ఉంది" అంటాడు సరంగు, తాత పక్కన బల్ల మీద చతికిలబడి.